వేదిక మీద ల్యాప్ స్టీల్ గిటార్: శ్రుతి నిలవాలంటే సామాను ఎలా అమర్చుకోవాలి

నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు: “ఇంట్లో బాగానే పలుకుతుంది మాస్టారూ, వేదిక ఎక్కగానే శ్రుతి జారిపోతోంది. స్పీకర్లలో గుయ్యిమని హోరు కూడా. గిటార్ మార్చెయ్యమంటారా?” మన విశాఖపట్నం గాజువాకలో చర్చి ఆరాధనకు వాయించే యువకుడు అడిగాడు, మద్దిలపాలెం నుంచి పెళ్లి రిసెప్షన్లకు ఆర్కెస్ట్రాతో తిరిగే పెద్దాయనా అడిగారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. గిటార్ మార్చవద్దు. ముందు కుర్చీ మార్చండి, ప్లగ్గు పెట్టే చోటు మార్చండి, మీ శబ్దం మీ చెవికి చేరే దారి మార్చండి.

ల్యాప్ స్టీల్ అంటే ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు బార్ జార్చుతూ వాయించే గిటార్. మన పెద్దలు హవాయి గిటార్ అనేది ఈ కుటుంబాన్నే. మెట్లు ఉన్నట్టు కనిపిస్తాయి గాని అవి గుర్తులు మాత్రమే. వేలితో నొక్కగానే స్వరం సరైన చోట నిలిచే సౌకర్యం ఇందులో లేదు. తీగ పొడవు 22.5 అంగుళాలు ఉన్న గిటార్‌లో పన్నెండో మెట్టు దగ్గర బార్ 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, ఒక మెట్టు అంతరంలో సుమారు ఎనిమిదో వంతు శ్రుతి తప్పుతుంది. పదిహేడో మెట్టు దగ్గర అదే 2 మిల్లీమీటర్లకు ఆరో వంతు తప్పుతుంది. ఆ తేడాను పట్టుకోవలసినవి మీ కన్ను, మీ చెవి. వేదిక మీద చేసే ఏర్పాట్లన్నీ ఆ రెండింటి కోసమే.

కావలసినవి

- ఆరు తీగల ల్యాప్ స్టీల్. అది లేకపోతే మామూలు గిటార్ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే ఎత్తు లోహపు ముక్క దొరుకుతుంది, దాన్ని నట్ ఎక్స్‌టెండర్ అంటారు. తీగలు మెట్లకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి.
- ఉక్కు బార్. ఆరు తీగలనూ దాటి కొంచెం మిగిలేంత పొడవు, 22 మిల్లీమీటర్ల వరకు వ్యాసం, సుమారు 200 గ్రాముల బరువు.
- తీగలు మీటడానికి బొటనవేలికి ఒక పిక్, మరో రెండు వేళ్లకు రెండు.
- చేతులు లేని కుర్చీ లేదా మడత స్టూలు. దీన్ని మీరే తీసుకువెళ్లండి.
- వాల్యూమ్ పెడల్, దాని ఎత్తుకు సరిపోయే చిన్న చెక్క పీట.
- 15 నుంచి 30 వాట్ల ఆంప్, లేదా మంచి డీఐ బాక్సు (గిటార్ శబ్దాన్ని నేరుగా మిక్సర్‌కు పంపే చిన్న పెట్టె). రెండూ ఉంటే మరీ మంచిది.
- ఆరు మీటర్లకు మించని కేబుళ్లు రెండు, అదనంగా ఒకటి.
- ట్యూనర్, మల్టీమీటరు, మూడు పిన్నులూ సరిగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు.
- అలమరాల్లో పరిచే రబ్బరు జాలీ చాప ఒక అడుగు, నూలు గుడ్డలు రెండు, అదనపు తీగలు.

జాలీ చాపను చిన్న విషయం అనుకోవద్దు. పాలిష్ చేసిన గిటార్ వెనక భాగం, సిల్కు పంచె లేదా చీర కలిస్తే గిటార్ రెండో పాటకే మోకాళ్ల వైపు జారుతుంది. పూర్ణా మార్కెట్‌లో ఒక ముక్క కొని గిటార్ కింద పరుచుకోండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఆంప్ అయితే వెనక ఉన్న చీటీ చదవండి. అక్కడి సరఫరా 120 వోల్టులు, మనది 230. చీటీ మీద 120 మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టవద్దు.

1. తీగలూ శ్రుతీ ఇంట్లోనే తేల్చుకోండి

కార్యక్రమానికి కనీసం రెండు రోజుల ముందు తీగలు మార్చండి. కొత్త తీగ సాగి కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. మార్చిన తర్వాత ఒక్కో తీగను పన్నెండో మెట్టు దగ్గర రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి మళ్లీ శ్రుతి చేయండి. లాగినా శ్రుతి దిగనంత వరకు ఇలాగే చేయండి.

ఎక్కువమంది అడిగేవి రెండు శ్రుతులు. సి6 అయితే మంద్రం నుంచి పైకి సి, ఇ, జి, ఎ, సి, ఇ. మన లెక్కలో స గ ప ద స గ. ఓపెన్ డి అయితే డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. అంటే స ప స గ ప స. రాగం పట్టుకుని జారుడు గమకాలతో పాడినట్టు వాయించాలనుకునేవారికి ఓపెన్ డి హాయిగా ఉంటుంది. పాత సినిమా పాటలకు, కీబోర్డుతో కలిసి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయించడానికి సి6 మేలు. సి6 కోసం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్న తీగ 15, లావు తీగ 36 ఉండే సెట్టు 22.5 అంగుళాల గిటార్‌కు సరిపోతుంది.

హెచ్చరిక: మామూలు గిటార్‌ను మార్చి వాడుతున్నవారు ఓపెన్ ఇ జోలికి వెళ్లకండి. అందులో కొన్ని తీగలను మామూలు శ్రుతి కంటే పైకి బిగించాలి. ఆ లాగుడుకు చెక్క గిటార్ బ్రిడ్జి, అంటే ఒంటి మీద తీగలు ఆనే ముక్క, లేచి వస్తుంది. ఓపెన్ డిలో తీగలు కిందికే దిగుతాయి, భయం లేదు.

ఒక్క గిటార్ మీద వేదిక పైన శ్రుతి మార్చే ఆలోచన మానుకోండి. మార్చిన ప్రతిసారీ మిగతా తీగలూ కదులుతాయి. ఆ రాత్రంతా బిరడాలు తిప్పుతూనే ఉంటారు.

2. బార్‌ను పరీక్షించండి

దీన్ని దాదాపు ఎవరూ చేయరు. బార్‌ను గాజు బల్ల మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లించండి. సాఫీగా దొర్లితే మంచిది. ఒక చోట టక్కుమని ఆగినా, ఊగినా ఎక్కడో చదునుపడింది. తర్వాత ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, దాని మీద పడే వెలుగు గీతను చూస్తూ తిప్పండి. గీత వంకర పోయిన చోట నొక్కు ఉంది. చివరగా గోరును అడ్డంగా నడిపించండి. గోరు పట్టుకున్న చోట తీగ కూడా పట్టుకుంటుంది.

గచ్చు మీద ఒక్కసారి పడినా బార్ పాడైపోవచ్చు. “గిటార్ గరగరమంటోంది” అని నా దగ్గరకు వచ్చినవారిలో చాలామందికి గిటార్‌లో ఏ లోపమూ లేదు, తప్పంతా బార్‌దే. నొక్కు ఒక వైపే ఉంటే ఆ వైపు పైకి వచ్చేలా పట్టుకుని ఆ రోజు గడపవచ్చు. నునుపు కాగితంతో రుద్ది సరిచేద్దామనుకోవద్దు. నికెల్ పూత పోతే మన ఊరి గాలికి వారంలో తుప్పు పడుతుంది.

3. కూర్చునే చోటు

ఫంక్షన్ హాళ్లలో, షామియానా వేదికల మీద వేసేవి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. ఆ చేతుల మధ్య ల్యాప్ స్టీల్ పట్టదు. పట్టించాలని ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటే నడుము వంగి, చూపు ఏటవాలుగా పడుతుంది. అందుకే స్టూలు మీరే తీసుకువెళ్లండి అన్నాను.

తొడలు నేలకు సమాంతరంగా ఉండాలి. మోకాళ్లు తుంటి కంటే కిందికి ఉంటే గిటార్ ముందుకు జారుతుంది, పైకి ఉంటే పొట్ట వైపు దొర్లుతుంది. కూర్చుని గిటార్ పెట్టుకున్నాక తల వంచి చూడండి. మీ ముక్కు ఏడో మెట్టుకూ పన్నెండో మెట్టుకూ మధ్య నిట్టనిలువుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే బార్ మెట్టు మీద ఉన్నట్టే కనిపిస్తుంది గాని నిజానికి ఉండదు. తీగ మెట్టుకు 10 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ఏటవాలు చూపు మనల్ని సులువుగా మోసం చేస్తుంది.

ఇక పీట సంగతి. కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద పెట్టగానే కుడి మోకాలు లేస్తుంది, గిటార్ ఎడమకు వాలుతుంది. పెడల్ నొక్కినప్పుడల్లా గిటార్ తూగుతుంది, బార్ కింద తీగలు కదులుతాయి. పాట మధ్యలో శబ్దం పెంచినప్పుడే శ్రుతి చెదురుతున్నదంటే కారణం ఇదే. ఎడమకాలి కింద పెడల్ అంత ఎత్తున్న పీట పెట్టండి. పెడల్‌ను మోకాలితో కాక చీలమండతో మాత్రమే ఆడించండి. ఇది కుదరడానికి నాకు నెల పట్టింది. రోజూ పది నిమిషాలు గిటార్ మీద గ్లాసులో నీళ్లు పెట్టినట్టు ఊహించుకుంటూ ఉత్త పెడల్ సాధన చేశాను.

మోకాళ్ల నొప్పులున్నవారు గిటార్‌కు కాళ్లు బిగించుకోవచ్చు, కీబోర్డు స్టాండు మీద అడ్డంగా పలక వేసి పెట్టుకోవచ్చు. పలక మీద జాలీ చాప తప్పనిసరి.

4. కరెంటు: అన్నిటికంటే ముందు చూడవలసినది

తీగలు ఆంప్ ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు, మిక్సర్ ఎర్తుకు కలిసి ఉంటుంది. ఈ రెండు ఎర్తులలో ఒకటి నిజమైనది కాకపోతే, తీగల మీద చెయ్యి ఉండగా మైకును తాకిన మనిషి గుండా కరెంటు పోతుంది. ఒక ఆరుబయట వేదిక మీద నాకిది జరిగింది. పాట పేరు చెబుదామని మైకు దగ్గరికి వంగాను, పెదవి తగలగానే తల వెనక్కి విసిరేసినట్టయింది. తర్వాత చూస్తే వారిచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గుకు మూడో పిన్ను విరిగి ఉంది. ఆ రోజు నుంచి మల్టీమీటరు లేకుండా నేను ఇల్లు కదలలేదు.

చేయవలసింది ఇది. వేదిక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ చూపించమనండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య సుమారు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య నాలుగైదు వోల్టులకు మించకూడదు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఏమీ చూపించకపోతే ఆ సాకెట్‌లో ఎర్తు లేదని అర్థం. ఈ కొలత ఆయనే తీయాలి, మీరు సాకెట్‌లో కడ్డీలు పెట్టవద్దు.

అన్నీ బిగించాక మీరు చేయవలసిన పరీక్ష ఒకటుంది. మల్టీమీటరును ఏసీ వోల్టుల పెద్ద రేంజిలో పెట్టండి. కడ్డీల ప్లాస్టిక్ పిడులు మాత్రమే పట్టుకుని ఒకటి గిటార్ బ్రిడ్జికి, రెండోది మైకు జాలీకి ఆనించండి. సున్నా, లేదా ఒకటి రెండు వోల్టులు చూపితే సరే. పదుల్లో చూపితే దేన్నీ తాకకుండా లేచి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. “ఆలస్యమవుతోంది, కానివ్వండి” అని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.

హోరు తగ్గుతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేవారున్నారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది. అది ఆడియో కేబుల్ ఎర్తును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు. హోరుకు మందు అదే.

ఆంప్, పెడళ్లు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. వీలైతే మిక్సర్‌కు వెళ్లే లైను నుంచే ఆ బోర్డుకు కరెంటు ఇవ్వమనండి. మూడు ఫేజుల సరఫరా ఉన్న చోట రెండు వేర్వేరు ఫేజుల మధ్య 400 వోల్టుల పైచిలుకు తేడా ఉంటుంది. అలంకరణ దీపాల లైనులో మాత్రం ప్లగ్గు పెట్టవద్దు.

5. కేబుళ్ల వరుస

గిటార్, వాల్యూమ్ పెడల్, డిలే (ప్రతిధ్వని తెచ్చే పెడల్), రివర్బ్ (పెద్ద హాలు మారుమోత తెచ్చే పెడల్), ఆ తర్వాత ఆంప్ లేదా డీఐ. ట్యూనర్‌ను పెడల్ మీద ఉండే ట్యూనర్ అవుట్‌కు కలపండి. అప్పుడు పెడల్ మూసి నిశ్శబ్దంగా శ్రుతి చూసుకోవచ్చు. వాల్యూమ్ పెడల్‌ను డిలేకు ముందే ఉంచండి. తర్వాత ఉంచితే, పెడల్ మూయగానే మోగుతున్న ప్రతిధ్వని కూడా తెగిపోతుంది.

బ్యాటరీ లేని మామూలు పికప్‌కు (తీగల కదలికను పట్టే అయస్కాంతపు చుట్టకు) 250 లేదా 500 కిలో ఓమ్‌ల పెడల్ కావాలి. కీబోర్డుల కోసం అమ్మే 25 కిలో ఓమ్‌ల పెడల్ తగిలిస్తే శబ్దం దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది. పొడవాటి కేబుల్ చేసేదీ అదే. ఆంప్ దూరంగా ఉంటే గిటార్ కేబుల్ పెంచవద్దు. డీఐని మీ కాళ్ల దగ్గర పెట్టి అక్కడి నుంచి మైకు కేబుల్ లాగించండి.

6. హోరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం

విద్యుత్ గిటార్లలో మొదట విజయవంతంగా మార్కెట్లోకి వచ్చినది ల్యాప్ స్టీలే. తర్వాత రికెన్‌బాకర్‌గా పేరు పొందిన సంస్థ 1932లో దాన్ని అమ్మకానికి పెట్టింది. గుండ్రటి చిన్న ఒళ్లు, పొడవాటి మెడ చూసి జనం దాన్ని పెనం అని పిలిచారు. అప్పటి నుంచి ఇప్పటి వరకు సూత్రం ఒకటే: అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. ఆ చుట్ట మీ తీగల కదలికతో పాటు చుట్టూ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, దీపాల డిమ్మర్లు, ఎల్ఈడీ తెరల గోలను కూడా పట్టుకుంటుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి హోరు ఆ స్థాయిలోనూ, దాని రెట్టింపుల్లోనూ వినిపిస్తుంది.

మూడు పరీక్షలు ఈ వరుసలోనే చేయండి.

మొదట వాల్యూమ్ పెడల్ పూర్తిగా మూయండి. హోరు అలాగే ఉంటే గిటార్ తప్పు కాదు. పెడల్ తర్వాతి సామానులో, లేదా అడాప్టర్‌లో, లేదా ఎర్తు వలయంలో (రెండు దారుల్లో ఎర్తు కలవడం వల్ల ఏర్పడే చుట్టులో) ఉంది. గ్రౌండ్ లిఫ్ట్ మార్చి చూడండి. తగ్గకపోతే పెడళ్లను ఒక్కొక్కటిగా తీసేయండి. చాలాసార్లు దొంగ చవక అడాప్టరే.

రెండు: పెడల్ తెరిచి, తీగల మీద చెయ్యి వేసి తీయండి. చెయ్యి వేస్తే హోరు తగ్గడం మామూలే. చెయ్యి వేస్తే పెరిగితే మాత్రం వెంటనే ఆపి నాలుగో అడుగులోని మల్టీమీటరు పరీక్ష మళ్లీ చేయండి.

మూడు: కూర్చున్న చోటే కుర్చీతో సహా మెల్లగా తిరగండి. ఒక కోణంలో హోరు గణనీయంగా పడిపోతుంది. నిలబడి వాయించేవారు గిటార్ తిప్పుకుంటారు, మనం కుర్చీ తిప్పుకోవాలి. ఆ కోణం దొరకగానే కుర్చీ కాళ్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకోండి. ప్రేక్షకులకు కొంచెం పక్కగా కూర్చున్నట్టు కనిపించినా నష్టం లేదు.

7. మీకు మీరు వినిపించాలి

ఏదైనా ఒక్కటే చేయగలరంటే ఇది చేయండి. తన శబ్దం తనకు వినిపించని ల్యాప్ స్టీల్ వాద్యకారుడు చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తున్నట్టే.

ఆంప్‌ను నేల మీద కాళ్ల వెనక పెడితే శబ్దం పిక్కలకు తగులుతుంది, చెవికి చేరదు. దాన్ని వెనక్కి వాల్చి గాని, కుర్చీ మీద పెట్టి గాని, దాని ముఖం మీ చెవి వైపు ఉండేలా ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంచండి. మైకువారు ఆంప్ ముందు మైకు పెడతామంటే, స్పీకర్ మధ్య బిందువుకూ అంచుకూ నడుమ, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టమనండి. సరిగ్గా మధ్యలో పెడితే బార్ గీరుడు ఎక్కువ వినిపిస్తుంది.

మానిటర్ స్పీకర్‌లో, అంటే వాయించేవారి వైపు తిప్పి పెట్టే స్పీకర్‌లో, ఏమి కావాలో మైకువారికి స్పష్టంగా చెప్పండి. నేను చెప్పే మాట ఇది: “నా గిటార్ రివర్బ్ లేకుండా ఇవ్వండి, దానితో పాటు కీబోర్డు ఇవ్వండి, డ్రమ్స్ వద్దు.” రివర్బ్ ఎంత మధురంగా ఉన్నా అది శ్రుతి అంచులను చెరిపేస్తుంది. మీకు బాగున్నట్టే వినిపిస్తుంది, హాలులో అపస్వరం వినిపిస్తుంది. రివర్బ్ ప్రేక్షకుల స్పీకర్లలో వేయమనండి. పెడల్‌లో డిలే వాడుతుంటే 300, 400 మిల్లీసెకన్ల దగ్గర ఒకటి రెండు ప్రతిధ్వనులు చాలు.

సి6లో మీ మంద్ర తీగ 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కాబట్టి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయమని చెప్పండి. పలకల వేదిక మీద ఎవరు నడిచినా వచ్చే దబదబలు పోతాయి, మీ స్వరం ఒక్కటీ పోదు. ఓపెన్ డిలో మంద్ర తీగ 73 హెర్ట్జ్, అక్కడ 60 దగ్గర ఆపించండి. గోడలు మార్మోగే కల్యాణ మండపాల్లో 250 హెర్ట్జ్ చుట్టూ కాస్త తగ్గిస్తే మాట స్పష్టమవుతుంది.

8. వెలుగు

రంగు దీపాలు ఎరుపులోకి మారగానే మెట్ల గుర్తులు మాయమవుతాయి. ఎదుటి దీపం మెరిసే ఫ్రెట్‌బోర్డు మీద పడితే తీగల నీడలు మెట్ల గీతల్లా కనిపిస్తాయి, చెయ్యి నీడను చూసి ఆగుతుంది. చిన్న బ్యాటరీ దీపాన్ని మైకు స్టాండుకు తగిలించి పై నుంచి పడేలా పెట్టుకోండి. ఐదు, ఏడు, పన్నెండు మెట్ల దగ్గర మెరుపు లేని తెల్ల టేపు ముక్కలు అంటించుకోండి.

9. అక్కడే, ఆ వేడిలోనే శ్రుతి

వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది, చల్లదనానికి ఎక్కుతుంది. ఏసీ కారులో నుంచి దించిన గిటార్‌ను ఉక్కపోతలోకి తేగానే తీగల మీద చెమ్మ పడుతుంది. పెట్టె తెరిచి అరగంట వదిలేయండి, తుడిచి, ఆ తర్వాతే శ్రుతి చేయండి. దీపాలన్నీ వేయించి పది నిమిషాలయ్యాక మళ్లీ చూడండి.

హార్మోనియం ఉంటే ట్యూనర్‌ను పక్కన పెట్టి హార్మోనియంకే శ్రుతి చేసుకోండి. దాన్ని ఎవరూ తిప్పలేరు, మనమే తగ్గాలి. గాంధారం తీగను ట్యూనర్ సున్నా కంటే కొంచెం కిందికి, ఎనిమిది నుంచి పద్నాలుగు సెంట్ల (సెంటు అంటే ఒక మెట్టు అంతరంలో నూరో వంతు) వరకు దించితే కార్డు తేనెలా కలుస్తుంది. కీబోర్డుతో వాయించేటప్పుడు ఎనిమిది దగ్గర ఆపండి.

సరిగా కుదిరిందో లేదో చూడటం

పన్నెండో మెట్టు దగ్గర తీగను వేలితో తాకీ తాకనట్టు తాకి మీటండి, గంటలా ఒక స్వరం వస్తుంది. అదే చోట బార్ పెట్టి మీటండి. రెండూ ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే బార్‌ను జరిపి, ఏ స్థానంలో కలిసిందో చూడండి. ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంటే కుర్చీ కోణం తప్పు. మూడో అడుగుకు వెళ్లండి.

తర్వాత కీబోర్డు మీద సా పట్టుకుని ఉండమని, కళ్లు మూసుకుని అదే సాను మూడు చోట్ల వాయించండి. స్వరం మీద అలలు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే శ్రుతి కలవలేదు. అలలు నెమ్మదించి ఆగిన చోట కలిసింది. ఈ అలలు వినిపించడం లేదంటే మానిటర్ సరిపోలేదని అర్థం.

చివరగా ఫోనును ఐదో వరుస కుర్చీలో పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేయండి. అక్కడికక్కడే ఇయర్‌ఫోన్లతో వినండి. వేదిక మీద ఎవరైనా బాగుందంటారు, ఫోను మాత్రం మొహమాటపడదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మెట్టుకు వెనక బార్ పెట్టడం. మామూలు గిటార్ నుంచి వచ్చినవారందరికీ ఉన్న అలవాటు ఇది. బార్ సరిగ్గా మెట్టు గీత మీదే ఉండాలి.

బార్‌ను నొక్కడం. తీగ వంగి శ్రుతి ఎక్కుతుంది, మామూలు గిటార్‌ను మార్చి వాడుతుంటే సన్న తీగలు మెట్లకు తగిలి టకటకమంటాయి. బార్ బరువే చాలు, చెయ్యి దారి చూపిస్తే సరిపోతుంది. ఒత్తిడి తగ్గించగానే తీగ గరగరలాడుతుంటే బార్ తేలిక అన్నమాట, మరింత బరువైనది తీసుకోండి.

బార్ వెనక ఉంగరపు వేలు, చిటికెన వేలు లేపి ఉంచడం. అవి తీగల మీద తేలిగ్గా ఆని బార్‌ను అనుసరించాలి. లేకపోతే బార్ వెనక మిగిలిన తీగ కూడా మోగి కీచుమంటుంది.

తప్పిన స్వరాన్ని కంపంతో కప్పిపుచ్చడం. కంపం స్వరానికి అటూ ఇటూ సమానంగా ఆడాలి. ముందు కంపం లేకుండా నిలిపి, శ్రుతి కుదిరాక మాత్రమే ఊపండి. ఈ ఒక్క క్రమం పాటిస్తే వాయింపు తీరే మారిపోతుంది. నా దగ్గర నేర్చుకునేవారికి మొదటి మూడు నెలలు కంపం పూర్తిగా వద్దంటాను.

జనరేటరుకు మారే క్షణంలో పెడల్ తెరిచి ఉంచడం. కరెంటు పోయిందంటే ముందు పెడల్ మూయండి. తిరిగి వచ్చేటప్పుడు స్పీకర్లలో దడేల్మనే చప్పుడు మీ లైను నుంచి వెళ్లకూడదు. డిజిటల్ పెడళ్లు మళ్లీ మొదలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, తొందరపడవద్దు.

బీచ్ దగ్గర వాయించేటప్పుడు

కళాభారతి వంటి మూసిన హాళ్లకు పైన చెప్పినది చాలు. ఆర్.కె. బీచ్ వైపు ఆరుబయట వేదికలకు మరికొంత జాగ్రత్త కావాలి. సాయంత్రం సముద్రపు గాలి ఉప్పు తెస్తుంది. రెండు గంటల్లో తీగలు జిడ్డుగా, గరుకుగా మారి బార్ సాఫీగా జారదు. రెండు పాటలకొకసారి పొడి నూలు గుడ్డను తీగల కిందికి దూర్చి, నట్ నుంచి బ్రిడ్జి వరకు ఒక్కసారి లాగండి. కొబ్బరినూనె రాసేవారిని చూశాను. వద్దు, ఇసుక, దుమ్ము దానికే అంటుకుంటాయి. ఎడమ మోకాలి మీద చేతిరుమాలు పరుచుకుని పాటకూ పాటకూ మధ్య బార్‌ను, అరచేతిని తుడుచుకోండి. చెమట చేతిలో 200 గ్రాముల ఉక్కు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. ఆంప్ వెనక భాగం సముద్రం వైపు ఉండకూడదు. వాన చినుకు పడితే పాట పూర్తి చేద్దామనుకోకుండా మొదట ప్లగ్గు తీయించండి.

ముగిశాక

ముందు పెడల్ మూసి, ఆంప్ ఆపి, ఆ తర్వాత కేబుల్ పీకండి. బార్‌ను పొడిగా తుడిచి విడిగా నూలు సంచిలో వేయండి. గిటార్ పెట్టెలో వదిలేస్తే దారిలో దొర్లి పాలిష్ పాడుచేస్తుంది, తనూ నొక్కులు పడుతుంది. బిరడాలు వదులు చేయనక్కర లేదు. బీచ్ నుంచి వస్తే ఎంత రాత్రయినా ఇంటికి చేరగానే తీగలు ఒక్కొక్కటీ కింద, పైన తుడవండి, జాక్ రంధ్రం చుట్టూ, బ్రిడ్జి మరల దగ్గర పొడి గుడ్డ తిప్పండి. పెట్టెలో వేసిన, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం రంగు మారి ఉంటే మర్నాడే కొత్తది వేయండి.